చెక్క కొస పట్టుకునేదాన్ని

నేను ఒక అప్పడాల కర్రగా పుట్టి, వడ్రంగి షెడ్డులో రోలరు స్టాండుగా స్థిరపడినదాన్ని. నాకు అటూ ఇటూ ఉన్న బేరింగులు పాడైన ఫ్యానులోవి. కింద ఉన్న వేప కాళ్లు ఎవరిదో పాత మంచానివి. మొత్తం మీద నాలో కొత్తవి మేకులే.

మా యజమాని సూరాచారికి తణుకులో రేకుల షెడ్డు ఉంది. గుమ్మాలూ కిటికీలూ చేస్తాడు. రంపం మిషనులోకి ఆయన చెక్కను తోస్తుంటే, కోసుకుంటూ అవతలికి వచ్చే కొసను భార్య మాణిక్యం పట్టుకునేది. పట్టుకోకపోతే కొస బరువుకు వాలిపోయి కోత వంకర పోతుంది. అందుకని రంపం కూత వినిపిస్తే చాలు, పొయ్యి మీది పులుసును దాని మానాన వదిలేసి రావాల్సిందే. ఆ ఇంట్లో మాడని కూర తిన్నవాళ్లు తక్కువ. చెక్క అదురుకు పగిలిపోతున్నాయని ఆవిడ మట్టిగాజులు కూడా మానేసి, ప్లాస్టిక్ గాజులతో సరిపెట్టుకుంది.

ఈ కొస పట్టుకోవడంలోనే చెల్లెలి గృహప్రవేశం పోయింది, తమ్ముడి పెళ్లిచూపులు పోయాయి. ఇప్పుడు భీమవరంలో అక్క కూతురికి సీమంతం. సరిగ్గా ఆ రోజే గుమ్మం చెక్కలు కోయాలన్నాడు సూరాచారి. ద్వారబంధం ఎత్తే ముహూర్తం దగ్గర పడింది, అది ఎవరి కోసమూ ఆగదు. మాణిక్యం అరవలేదు. అన్నం వడ్డిస్తూ ఒక్క మాట అంది.

"నేను మాత్రం ఎల్లొత్తానండి. కొస పట్టుకునే మనిషిని మీరే సూసుకోండి."

అవి నాట్ల రోజులు. ఊళ్లో ఖాళీగా ఉన్న మనిషి దొరకలేదు. అప్పుడాయన వంటింట్లోకి వచ్చి, ఎవరినీ అడక్కుండా నన్ను ఎత్తుకుపోయాడు.

రంపం బల్ల ఎత్తు కొలిచి నాకు కాళ్లు పెడితే సరిపోయేది. ఆ ముక్క ఆయనకు తట్టలేదు. ఇన్నేళ్లూ కొసను మోసినవి భార్య చేతులే కాబట్టి కొలత కూడా అక్కడే ఉంటుందనుకున్నాడు. ఆవిణ్ణి ఎప్పటిలా నిలబెట్టి, చేతికి చెక్క ఇచ్చి, అరచేతి నుంచి పాదం దాకా టేపు పెట్టాడు. మనుషులు రోజూ చూసేదాన్ని చూడరని నాకు తెలిసింది ఆ రోజే.

సీమంతం పొద్దున మాణిక్యం పట్టుచీర కట్టుకుంది. బయట ఆటో హారను కొడుతోంది. సూరాచారి మిషను వేసి మొదటి చెక్క తోశాడు. నేను కొస కోసం ఎదురుచూస్తుంటే అది నాకు అందకుండానే కిందికి వాలింది. ఇవతల చెక్క లేచింది. ఆయన గబుక్కున మిషను ఆపేశాడు. ఉండమని నోరు తెరిచి అడగలేదు కానీ, అడిగినట్టే నిలబడ్డాడు.

మాణిక్యం సంచీ కింద పెట్టింది. కొంగు బొడ్డులో దోపుకుని తన చోటికి వచ్చింది. నా పని అయిపోయింది, పొయ్యిలోకే అనుకున్నాను. అంతలో ఆవిడ కాలికి ఏదో తగిలింది. కిందికి చూసింది, నా వంక చూసింది, పకపకా నవ్వింది.

"ఏవండీ, కొలత తీసినప్పుడు నేను దేని మీద నిలబడ్డాను?"

"నేల మీదే కదే."

"పీట మీదండీ. నేల మీద నిలబడితే మీ మిషను నాకు అందుద్దా? ఇన్నేళ్లలో ఒక్కసారైనా సూళ్లేదా?"

"నేను సెక్కని సూసేవోణ్ణి."

"అది తెలుత్తానే ఉంది."

పీటను నా కాళ్ల కిందికి జరిపింది. ఈసారి చెక్క నా వీపు మీద అప్పడం పిండిలా సాగుతూ పోయింది. కోత దారం పట్టినట్టు వచ్చింది. రెండో చెక్క చూడకుండానే మాణిక్యం ఆటో ఎక్కేసింది.

సాయంత్రం రెండు చేతులకూ ఆకుపచ్చ మట్టిగాజులతో తిరిగివచ్చింది. ద్వారబంధం వేళకే లేచింది.

కొన్నాళ్లకు మిషను వేస్తూ సూరాచారి అలవాటుగా, "మాణిక్యం, కొస!" అని కేకేశాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఆయన ఆ గాజుల వంక కాసేపు చూశాడు. "ఏం లేదులే, పులుసు సూసుకో" అని, తానే వచ్చి నన్ను లాక్కున్నాడు. ఆ పూట పులుసు మాడలేదు. రుచి ఏదో తేడాగా ఉందని మాత్రం రెండుసార్లు అన్నాడట.

ఇప్పుడు నా నడుము అరిగింది. వంటింట్లో నా చోటికి కొత్త కర్ర వచ్చింది. ఆ పీటను నా కాళ్లకే మేకులేసి బిగించాడు. దసరాకు పనిముట్లకు పూజ చేసేటప్పుడు మాణిక్యం మొదటి బొట్టు పీటకే పెడుతుంది, తర్వాతే నాకు. ఆ రోజు రంపానికి సెలవు. వంగి బొట్టు పెడుతుంటే షెడ్డంతా వినిపించేది ఆ గాజులే.