తోడల్లుడింటికి టెస్ట్ డ్రైవ్

నేను కారు కొనే మనిషిని కాను. ఈ ముక్క మొదటిరోజే షోరూములో కార్లమ్మే అమ్మాయి దేవితో చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ విజయనగరం నుంచి గజపతినగరం బడికి రోజూ పాత స్కూటరు మీద వెళ్ళి సంగీతం చెప్పుకునే నాకు, ఆ ఏసీ, ఆ కాఫీ, "రండి సార్" అనే మర్యాదా బాగున్నాయి. "ఎలక్ట్రిక్కా, హైబ్రిడ్డా తేల్చుకోలేకపోతున్నానమ్మా" అన్నాను, పెద్ద ఆసామీలా.

పాపం, ఆ పిల్ల నమ్మింది. పోయిన ఆదివారం టెస్ట్ డ్రైవ్‌కని హైబ్రిడ్ తెచ్చింది. డిక్కీలో ఎంత పడుతుందో చూద్దామని రెండు బియ్యం బస్తాలు ఇంటికి చేర్పించుకున్నాను. సిగ్గుండాలి నాకు!

ఈ ఆదివారం ఎలక్ట్రిక్. గజపతినగరంలో మా తోడల్లుడు విశ్వనాథ్ గృహప్రవేశం. "రోజూ తిరిగే దారి మీదే నడిపి చూడాలి కదా" అని, మా ఆవిడ జగదీశ్వరితో సహా ఎక్కాను. అద్దం మీది 'టెస్ట్ డ్రైవ్' కాగితాన్ని, దారి కనబడటం లేదని వంక పెట్టి తీయించాను. దేవే నడిపింది.

"ఈ నెల ఒక్క బుకింగూ రాలేదు సార్" అంది దారిలో. "నెలాకరికి రాకపోతే మానిపించేస్తారు. మా నాన్న సముద్రం మీద ఏటకెల్లడం మానీసినాడు. ఇంట్లో నా జీతమొక్కటే." నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

విశ్వనాథ్ వీధిలోనే ఎదురొచ్చాడు. "ఏమోయ్ చంద్రశేఖరం, కారు కొన్నావా!"

"మొన్ననే అన్నగారూ" అనేశాను.

"మరి ఈ అమ్మాయి?"

"డ్రైవరు."

దేవి విన్నది. జగదీశ్వరి తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేం హాల్లో అరిటాకుల్లో తింటుంటే, దేవికి వరండాలో కాగితప్పళ్ళెంలో పెట్టారు.

భోజనాలయ్యాక విశ్వనాథ్ పదిమందిలో నన్ను పట్టుకున్నాడు. "హాయిగా పెట్రోలుతో కూడా నడిచే హైబ్రిడ్ ఉండగా ఈ బ్యాటరీ బండెందుకోయ్?" రెండు వారాలుగా ఆ పిల్ల నోరు నొప్పెట్టేలా చెప్పినా, నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు.

వరండాలోంచి దేవి అందుకుంది. "సారు తిరిగేది రోజుకి అరవై కిలోమీటర్లేనండి. రాత్రి ఇంటికాడ సార్జింగు పెట్టీస్తే సాలు. దూరాబారాలు తిరిగీవోలికైతే హైబ్రిడ్డు మేలు. మా సారు బాగా ఆలోసించే తీసుకున్నారండి."

నా అబద్ధాన్ని ఆ పిల్ల మోసింది. భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది.

తిరుగుదారంతా ఒక్కటే మాట కూడగట్టుకున్నాను. నేను కొనను తల్లీ, నన్ను నమ్ముకోకు, వేరేవాళ్ళని చూసుకో. అంతే కదా చెప్పాల్సింది.

మా ఇంటి ముందు బండి ఆపి దేవి వెనక్కి తిరిగింది. "తేల్చుకున్నారా సార్? ఎలట్రిక్కే రాసీమంటారా?"

"చెప్పండి" అంది జగదీశ్వరి.

నోరు తెరిచాను. "హైబ్రిడ్ ఇంకోసారి చూస్తే బాగుంటుందేమోనమ్మా" అన్నాను.

దేవి 'టెస్ట్ డ్రైవ్' కాగితాన్ని తీసి మళ్ళీ అద్దానికి అంటించింది.

"అలాగే సార్. ఈసారి ఏ ఊరెల్లాలి?"