శివపార్వతి కేక

దొర మెడ మీద కాడి ఒరిసే చోట శివపార్వతి ఆముదం మర్దనా చేస్తోంది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఒక చేత్తో రుద్దుతూ, రెండో చేతిని ఎద్దు పక్కటెముకల మీద ఆనించి ఊపిరి చూసింది. బాగానే ఉంది. అయినా మళ్ళీ చూసింది. తన వంతు రాలేదని పక్కనుంచి బుల్లోడు తలతో ఆమె వీపును నెట్టాడు.

"ఉండరా, వస్తున్నా. రాత్రి సరిగ్గా నెమరెయ్యలేదేం? కడుపులో ఏమన్నా తేడాగా ఉందా?"

బుల్లోడి కడుపులో తేడా ఏమీ లేదు. ఏదో ఉందని శివపార్వతికే రోజూ అనిపిస్తుంది. సన్నటి మనిషి. పేడకళ్ళు ఎత్తీ ఎత్తీ వంగిన నడుము, నిలబడ్డా కాస్త ముందుకే ఉంటుంది. కుడి బొటనవేలి గోరు ఏనాడో గిట్ట కింద పడి, నల్లగా అలాగే ఉండిపోయింది.

పెళ్ళయి కంకిపాడు పక్కనున్న ఈ ఊరికి వచ్చేనాటికి ఆమె భర్త వెంకటసుబ్బారావుకి దుక్కిటెడ్లు ఉండేవి. తర్వాత ట్రాక్టర్లొచ్చాయి. ఊళ్ళో అందరూ ఎడ్లను అమ్ముకుంటుంటే ఆయన తన జతను బండకు కట్టాడు. తిరునాళ్ళలో బండలాగుడు పందెం చూసొచ్చిన మర్నాడే ఆ పని చేశాడు. మొదటి పందెంలో అందరికన్నా వెనకబడి ఇంటికొచ్చి, "ఎడ్ల తప్పు కాదే, మనకే తెలీలేదు" అన్నాడు. ఆ 'మనకే'తో శివపార్వతి కూడా పందెంలోకి దిగిపోయింది.

అప్పట్నుంచీ అదే బతుకు. కోడెదూడల్ని తేవడం, పెంచడం, పళ్ళు వచ్చేకొద్దీ ఆ వయసు పందేలకు దింపడం. ఆయన పొలం వెళితే కాలువగట్టు ఇసుకలో వాటిచేత బండ లాగించేది ఆమే. ఉలవలు ఉడికించేదీ, ఈత కొట్టించేదీ ఆమే. ఈత అంటే ఆమె నడుంలోతు నీళ్ళలో నిలబడి వణకడం, ఎడ్లు హాయిగా అవతలి గట్టుకు పోయి రావడం.

చిక్కంతా ఆమె కేకతోనే వచ్చింది. కూతురు సింధూరి పాకే వయసులో ఒకసారి దూడ కాళ్ళ మధ్యకు దూరింది. "అమ్మో, ఆగరా!" అని తల్లి వేసిన కేకకు దూడ రాయిలా నిలబడిపోయింది. పిల్లకు గీత కూడా పడలేదు. ఆనాటి నుంచి ఆ కేక శివపార్వతి నోట్లో కాపురం పెట్టింది. బస్సు వచ్చినా, ఉరిమినా, కాలువలో నీళ్ళు పెరిగాయనిపించినా అదే కేక. ఆమె చేతిలో పెరిగిన ప్రతి దూడా కాడి కన్నా ముందు ఆ కేకనే నేర్చుకుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ పందెంలో గెలవబోతున్న జత కూడా ఆ కేక వినగానే నడిమధ్యలో ఆగిపోయేది. రెండోసారి అలా జరిగాక, నువ్వు పందేలకు రావద్దన్నాడు వెంకటసుబ్బారావు. ఆమె ఇంట్లోనే కూర్చుని, ఆయన క్షేమంగా తిరిగొచ్చేదాకా జరగని ప్రమాదాలన్నీ తలుచుకునేది.

ఈమధ్య ఆయన మోకాలు పట్టు తప్పుతోంది. మొన్న గడ్డిమోపుతో గడప దాటుతూ తూలాడు. అది చూసినప్పటి నుంచీ శివపార్వతికి అన్నం సహించడం లేదు.

"ఇవాళ పందెంలో బసవయ్యని తోలమనండి" అంది, గడ్డి వేస్తూ.

"వాడి మాట వినవే ఇవి."

"అయితే నేనూ వస్తా."

"వచ్చి? కేకేస్తావా?"

"నోరెత్తను. మీ మీద ఒట్టు."

"నా మీద వద్దు. బుల్లోడి మీద వెయ్యి, నమ్ముతా."

ఆమె బుల్లోడి నుదుటి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

పందెం పక్క ఊళ్ళో, కోత కోసిన పొలంలో. గట్ల మీద జనం. మైకు పట్టుకున్నాయన ఆమెను చూడనే చూశాడు. "శివపార్వతిగారు కూడా విచ్చేశారండోయ్! ఎవరి బ్రేకులు వాళ్ళు చూసుకోండి!"

జనం గొల్లుమని నవ్వారు. వెంకటసుబ్బారావు తమ్ముడి వరస బసవయ్య, నడుముకి తువ్వాలు బిగిస్తూ, "వదినా, పమిట కొంగు నోట్లో పెట్టేసుకో. నీకూ మంచిది, మాకూ మంచిది" అన్నాడు.

నిజంగానే పెట్టుకుంది.

విజిల్ మోగింది. దొర తల దించాడు. బుల్లోడి తొడల్లో కండలు తాళ్ళలా లేచాయి. బండ కదిలింది. ఎండిన దుబ్బులు నలిగి దుమ్ము లేస్తోంది. అటు బసవయ్య, ఇటు వెంకటసుబ్బారావు అరుస్తూ పక్కన పరిగెడుతున్నారు. ఆమె మాత్రం ఎడ్లను చూడటం లేదు, భర్త మోకాలినే చూస్తోంది. అవతలి కొసకు వెళ్ళి వచ్చారు. మళ్ళీ వెళ్ళారు. ఇంతవరకూ ఏ జతా లాగనంత దూరం వచ్చేసిందని మైకులో చెబుతున్నారు. కొంగు నోట్లో తడిసి ముద్దయింది.

కొస దగ్గర ఎడ్లను తిప్పుతున్నారు. ఎడ్లు తిరిగితే వెనక బండ అడ్డంగా ఈడ్చుకుంటూ వస్తుంది. లోపలి వైపు ఉన్న వెంకటసుబ్బారావు దాని దారి నుంచి తప్పుకోబోయాడు. మోకాలు మడత పడింది. బండకు ఎదురుగా కూలబడ్డాడు. అవతల ఉన్న బసవయ్య అదేమీ కనపడక, ఎడ్లను ఇంకా అదిలిస్తూనే ఉన్నాడు.

"అమ్మో, ఆగరా!"

కొంగు ఎప్పుడు ఊడిందో ఆమెకు తెలీదు. దొర ఆగాడు. బుల్లోడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాడు. బండ నిలిచిపోయింది. దాని అంచు వెంకటసుబ్బారావు పంచెను నేలకు తొక్కిపట్టింది. కాలు ఆ పక్కనే ఉంది.

గట్టు దిగి ఎలా వచ్చిందో గాని, వచ్చి ఆయన పాదం రెండు చేతులా పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ తడిమింది.

"ఉందా?" అన్నాడాయన, దుమ్ములో పడుకునే.

"ఉంది."

"ఒట్టు తప్పావే."

"బుల్లోడి మీద కదా వేశాను. వాడేమీ అనుకోడు లెండి."

ఆయనకు నవ్వొచ్చింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఈలోగా విజిల్ మోగింది, లాగడానికి ఇచ్చిన టైము అయిపోయింది. గట్టు మీద ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇబ్రహీంపట్నం వైపు రైతు సంజీవరావు ఈ జత కోసం ఏడాదిగా తిరుగుతున్నాడు. చెయ్యందించి లేపింది అతనే. వెంకటసుబ్బారావు పంచె దులుపుకుని, ఎడ్ల వైపు చూసి, "సాయంత్రం లారీ తెచ్చుకో బాబూ. దొర ఎడమ, బుల్లోడు కుడి. మార్చి కట్టకు" అన్నాడు.

శివపార్వతి ఆ మాట అడగలేదు. ఇన్నేళ్ళూ దేవుళ్ళందరికీ మొక్కుకున్నది ఆ మాట కోసమే. తీరా విన్నాక, దొర ముక్కు మీది దుమ్మును కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

పొద్దు వాలకముందే లారీ వచ్చింది. "ఎండన కట్టెయ్యకు నాయనా. బస్సు హారన్‌కి బెదురుతాడు బుల్లోడు. ఉలవలు మెత్తగా ఉడకాలి" అని సంజీవరావుకు చెప్పింది. "అలాగే అమ్మా. చూడాలనిపిస్తే ఎప్పుడైనా రండి" అన్నాడతను. లారీ వెనక్కి వాల్చిన చెక్క మీద దొర కాలు పెట్టాడు. చెక్క ఊగింది. కేక గొంతు దాకా వచ్చింది. వేస్తే ఆగుతాయి, వెనక్కి వస్తాయి కూడా. ఆమె గుమ్మం లోపలికి జరిగి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఈసారి ఎవరూ ఒట్టు వేయించుకోలేదు.

లారీ మలుపు తిరిగాక చప్పుడు వినపడలేదు. వెంకటసుబ్బారావు కాలు చాపుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆమె రెండు కంచాల్లో అన్నం పెట్టుకొచ్చింది. తూర్పున ఉరిమింది. ఎప్పటిలా లేవబోయి, లేవాల్సిన పని లేదని గుర్తొచ్చి, కూర్చుంది. ఎన్నాళ్ళకో అన్నం రుచి తెలిసింది. మారు వడ్డించుకుంది.

పశువును ఇచ్చినా పలుపు ఇవ్వకూడదంటారు. సంజీవరావు కొత్త తాళ్ళు తెచ్చి కట్టుకుపోయాడు. పాకలో గుంజకు తగిలించిన రెండు పాత పలుపులు ఇంకా మెడల చుట్టూ ఉన్నట్టే గుండ్రంగా వేలాడుతున్నాయి, పేనిన పోగుల మధ్య తెల్లటి వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి.