డబ్బాల లైన్‌లో మేనేజరు

కంపెనీ దొరలారా, బస్సులు కడగడానికి ఆరు కొళాయిలు పెట్టారు. ఇరవై ఇద్దరం ఆడ కండక్టర్లం ఉన్నాం, మాకు ఒక్క మరుగుదొడ్డి పెట్టలేదు. డిపోలో ఉన్న ఒక్కటీ మేనేజరుది. దానికి తాళం. ఇది మీ పనే, ఇంకెవరి మీదా తోయకండి.

మా దర్శనది ముంబై కామాటిపుర తొమ్మిదో గల్లీ. డ్యూటీలో చుక్క నీళ్లు తాగదు. తాగితే ఎక్కడికి పోవాలి? రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. మూడోసారి వస్తే కిడ్నీలకు ముప్పని డాక్టరు చెప్పాడు. మూడు అర్జీలు ఇచ్చాం. మూడూ ఏ బల్ల కింద ఉన్నాయో మీకే తెలియాలి.

అప్పుడు మా యూనియన్ శ్రావణి ఒక కబురు తెచ్చింది. దేశదేశాల రవాణా కార్మికుల సమాఖ్యలో ఆడవాళ్ల కమిటీ ఉంది. మా డిపో సంగతి ఫోనులో వీడియో చూపిస్తే, కంపెనీకి పెట్టుబడి పెట్టిన విదేశీయులకు వాళ్లు ఉత్తరం రాస్తారట.

"ఏం చూపిస్తం? తాళమా?" అంది తోటి కండక్టరు యాదమ్మ.

"మన చాళ్ల లెక్క లైన్ పెడదాం," అంది దర్శన.

చాళ్ అంటే మా వరుస గదుల ఇళ్లు, అందరికీ ఒకే మరుగుదొడ్డి. పొద్దున దాని ముందు మనుషులు నిలబడరు, నీళ్ల డబ్బాలు నిలబడతాయి. డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. దాటినవాడికి ఆ గల్లీలో మర్యాద ఉండదు.

మర్నాడు పదిన్నరకు మేనేజరు మరుగుదొడ్డి తలుపు ముందు ఇరవై రెండు డబ్బాలు. నూనెవి, పెయింటువి. రాములమ్మ డబ్బా మరచి టిఫిన్ గిన్నె పెట్టింది. ఆకలైతే దాన్ని తీయవచ్చా, తీస్తే నంబరు పోతుందా అని పావుగంట గొడవ. ఫోను వీడియోలో ఆ కమిటీ తరఫున కెన్యా, ఫిలిప్పీన్స్ బస్సు ఆడవాళ్లు శ్రద్ధగా చూస్తున్నారు.

మేనేజరు శంకర్రావు రెండు గ్లాసుల చాయ్ తాగి, తాళంచెవి తిప్పుకుంటూ వచ్చాడు. ఆయన పుట్టింది మా తొమ్మిదో గల్లీలోనే. డబ్బాలు చూశాడు. నేరుగా చివరికి నడిచాడు.

"ఆఖరి డబ్బా ఎవల్ది?"

"నాది కాకా," అంది యాదమ్మ. "నా ఎనుక మీరే."

బ్యాగు కింద పెట్టి నిలబడ్డాడు. అయిదు నిమిషాల తర్వాత గాని వెలగలేదు.

"అరే, ఇది నా సండాస్ కదా."

"మరి లైన్ల ఎందుకు నిలబడ్డరు?"

"ఆదత్. చిన్నప్పటి అలవాటు."

ముందుకు అడుగు వేయబోయాడు. "డబ్బా దాటుతవా కాకా? గల్లీల చెప్పమంటవా?" అంది యాదమ్మ. అడుగు వెనక్కి పోయింది.

ఆ పెద్దమనిషి ఎవరని కెన్యా ఆవిడ అడిగింది. మేనేజరని శ్రావణి చెప్పింది. పాపం ఆయనకూ మరుగుదొడ్డి లేదని ఆవిడ బాధపడి, బాధితులు ఇరవై ముగ్గురని రాసుకుంది.

శంకర్రావు కాళ్లు మెలివేస్తున్నాడు.

"చావి ఇయ్యి కాకా," అంది దర్శన. "లైన్ కదుల్తది. నీ నంబరూ వస్తది."

ఇచ్చాడు. ముందుగా దర్శన బాటిల్ నీళ్లు మొత్తం తాగింది, అందరూ చూస్తుండగా. తర్వాత లోపలికి వెళ్లింది.

సాయంత్రానికి మీరు కొత్త తాళం పంపారు. తాళంచెవి మాకు ఇచ్చాడని శంకర్రావుకు మెమో ఇచ్చారు. సమాఖ్య ఉత్తరం కూడా బయలుదేరింది, ఇరవై ముగ్గురి పేర్లతో.

ఆ తాళం ఇవాళే తీయండి. నెల తిరిగేలోపు ఆడవాళ్లకు నాలుగు మరుగుదొడ్లు కట్టండి, నీళ్లతో, లోపలి గడియతో. మెమో చింపేయండి.