కొవ్వు అంటిన చక్రాలు

సైకిలు ముందుచక్రం పక్కన గొంతుకూర్చుని ఫెర్మిన్ కొండోరి పుల్లముక్కతో బ్రేకు సందులో గీకుతున్నాడు. బురద ఒక్కటే అయితే ఇంత రోత పుట్టేది కాదు. నిన్న ఎవడో తెల్లవాడు సగం లోయ దిగాక పొద్దున తిన్నదంతా బండి మీదే కక్కాడు. కక్కినవాడు మూతి తుడుచుకుని, ఫొటోలు దిగి, బీరు తాగి, వ్యానులో గుర్రుపెడుతూ లా పాజ్‌కి తిరిగొచ్చాడు. వాడి కక్కు మాత్రం రాత్రి చలికి గడ్డకట్టి, తెల్లారేసరికి ఫెర్మిన్ గోళ్ళలోకి చేరింది.

మనుషుల మీద అతనికున్న అభిప్రాయమంతా ఇలా సందులు గీకగా గీకగా ఏర్పడిందే. ఎవడు పిరికివాడో, ఎవడు పెళ్ళాం ముందు పొగరు చూపించాడో అరిగిన బ్రేకు ప్యాడ్లు చూస్తే తెలిసిపోతుంది. మాడిన బ్రేకు వాసన అతని చొక్కాలో, దుప్పట్లో, ఆఖరికి తినే రొట్టెలో కూడా ఉంటుంది. ముక్కు దాన్ని గుర్తుపట్టడం మానేసి చాలాకాలమైంది గానీ, కేబుల్ కారులో పక్కన కూర్చున్నవాళ్ళు మొహం తిప్పుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది.

పొట్టి మనిషి. మెడ లేనట్టు తల భుజాల మధ్య దిగబడి ఉంటుంది. తగరం గని మూసేసిన ఏడు, నల్లగా ఉమ్ముతున్న తండ్రితోపాటు లా పాజ్ పైనున్న ఎల్ ఆల్తోకి వచ్చిపడ్డాడు. అప్పట్నుంచీ బ్రేకులే. మొదట యుంగాస్ లోయలోకి దిగే బస్సుల కింద వెల్లకిలా పడుకుని చేశాడు. మొహం మీద నూనె కారేది. బస్సులకి కొత్త రోడ్డు వచ్చి, కొండ అంచున వేలాడే పాత దారిని సైకిలు సరదాలకి వదిలేశాక, ఈ షెడ్డులోకి మారాడు. ఆ దారిలో ఎన్ని వేలమందిని కిందికి దింపాడో లెక్కలేదు. తను ఒక్కసారీ దిగలేదు. అసలు అతనికి సైకిలు తొక్కడమే రాదు. బాగుచేసిన బండిని పట్టుకుని పెరడంతా నడిపించి చూస్తాడు, గాడిదని సంతకి తోలుకెళ్ళినట్టు. గైడ్లు నవ్వుతారు. నవ్వుకోనీ.

భార్య హిలారియా మోకాళ్ళనొప్పులకి ఈ ఎత్తు పడటంలేదని పల్లంలో ఉన్న శాంతా క్రూజ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. చలికాలం గడవగానే వస్తానంది. చలికాలాలు చాలానే గడిచాయి. ఆదివారం ఫోను చేసి తిన్నావా అని అడుగుతుంది. తిన్నానంటాడు.

ఆ వేళ నెల మొదటి శుక్రవారం. యజమాని డాన్ గ్వాల్బెర్తో కొత్త బళ్ళు తెప్పించాడు. అట్టపెట్టెల్లోంచి తీసి నిలబెట్టడం గురువారమే అయిపోయింది. మిగిలింది ప్యాడ్లని దవడల్లా పట్టే కాలిపర్లు బిగించి, చక్రంతో తిరిగే ఉక్కుపళ్ళెం డిస్కు సరిగ్గా వాటి నడిమధ్యకి వచ్చేలా చూడటం. రోజు మొత్తంలో ఫెర్మిన్‌కి రోత పుట్టించని పని అదొక్కటే. కాలిపర్ బోల్టులు రెండూ వదులుగా పెట్టి, బ్రేకు పిడి నొక్కి రబ్బరు పట్టీతో కట్టేస్తాడు. ప్యాడ్లు రెండూ డిస్కుని చెరోపక్క కరుచుకున్నాక పై బోల్టు కాస్త, కింది బోల్టు కాస్త, మళ్ళీ పైది, అలా మార్చి మార్చి బిగిస్తాడు. ఒక్కదాన్నే తొందరపడి బిగిస్తే కాలిపర్ మూతి పక్కకి తిరుగుతుంది. పట్టీ విప్పి, చక్రం వెనక తెల్లకాగితం పెట్టి, ఒక కన్ను మూసి చూస్తాడు. డిస్కుకి అటూ ఇటూ సన్నటి వెలుగుగీతలు సమానంగా కనబడాలి. తర్వాత చక్రం తిప్పి చెవి ఒగ్గుతాడు. ఎక్కడైనా సుయ్‌మని రాసుకుంటే మళ్ళీ మొదటికి. డిస్కుని మాత్రం చచ్చినా వేలితో ముట్టడు. చర్మానికుండే జిడ్డు చాలు దాన్ని పాడుచెయ్యడానికి.

మధ్యాహ్నానికి బళ్ళన్నీ వరసగా నిలబడ్డాయి. ఏ చక్రం తిప్పినా చప్పుడు లేదు. మర్నాడు పొద్దున్నే పాతబళ్ళు సరిపోనంత పెద్ద బృందం వీటి మీదే లోయలోకి దిగాలి. వాళ్ళకి ముందు నడవాల్సిన గైడు నోర్కా. ముప్ఫై దాటిన మనిషి, ఒక కూతురి తల్లి. మోచేతుల నిండా పాత గాయాల మచ్చలు. ఆమె కొత్త బండి పిడి నొక్కి చూసి, "పిల్లిపిల్ల మెడ పట్టుకున్నట్టుంది బాబాయ్" అంది. ఆ మాట ఫెర్మిన్‌కి నచ్చింది.

చలిమంట కాచుకునే వేళకి డాన్ గ్వాల్బెర్తో పూజలు చేసే ముసలావిడ దోన్యా అసుంతాని తీసుకొచ్చాడు. మొదటి శుక్రవారం భూమితల్లికి నైవేద్యం కాల్చని దుకాణం ఆ వీధిలో లేదు. ఎప్పుడూ చిన్న కుంపటి, గుప్పెడు సాంబ్రాణి, నాలుగు చుక్కల సారాయితో అయిపోయేది. ఈసారి కొత్త బళ్ళు కదా, టికెట్లు కొన్న తెల్లవాళ్ళని కూడా పిలిచి, ఫోన్లు పట్టుకోమని వరసగా నిలబెట్టాడు. మనమంతా ఒకే కుటుంబం అని ఉపన్యాసం ఇచ్చాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఫెర్మిన్‌కి నోట్లో చేదు ఊరుతుంది.

ముసలావిడ లామా అనే కొండజంతువు కొవ్వుని కోకా ఆకులతో, చక్కెర బిళ్ళలతో కలిపి వేళ్ళతో పిసికి ముద్దచేసి నిప్పుల మీద పెట్టింది. పొగ లేచింది. అక్కడితో ఆపితే బాగుండేది. డాన్ గ్వాల్బెర్తోకి బుద్ధి పుట్టింది. ఆవిడ చెయ్యి పట్టుకుని బళ్ళ దగ్గరికి నడిపించి, "ఇక్కడ ముట్టమ్మా, బ్రేకు ఇదే, బండికి ప్రాణం ఇక్కడే ఉంటుంది" అన్నాడు. ఆవిడ కొవ్వు వేళ్ళతో ఒక్కో డిస్కునీ ఆప్యాయంగా నిమిరింది. ముందూ వెనకా, ఒక్క బండీ వదల్లేదు. ఫోన్లు మెరిశాయి.

ఫెర్మిన్ అప్పుడు పెరటి చివర పాత గొలుసులు కడుగుతున్నాడు. తిరిగి చూసేసరికి తెల్లవాళ్ళు బళ్ళెక్కి పెరట్లో గుండ్రంగా తిరుగుతూ, పిడులు నొక్కుతూ కేరింతలు కొడుతున్నారు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఒక చక్రాన్ని వెలుతురుకి తిప్పాడు. డిస్కు మీద వేలిగుర్తులు పలచగా సాగి, ఇంద్రధనస్సులా మెరిశాయి. పిడి గట్టిగా నొక్కి బండిని తోశాడు. ఆగాల్సిన చక్రం తిరుగుతూనే పోయింది. డిస్కునైతే సారాయితో తుడవొచ్చు. ప్యాడు అలా కాదు, ఒకసారి కొవ్వు తాగిందంటే ఇక కక్కదు. పారెయ్యాల్సిందే. కొత్త ప్యాడ్ల పెట్టె ఒరూరో ఊరి దగ్గర రాస్తారోకోలో లారీతోపాటు ఇరుక్కుపోయి ఉంది.

యజమానిని పిలిచి, బండి తోసి చూపించాడు. రేపటి ప్రయాణం మానుకోమన్నాడు.

డాన్ గ్వాల్బెర్తో బంగారు పన్ను కనబడేలా నవ్వాడు. మొదటి గంటంతా తారురోడ్డే గదా, ఆ వేడికి కొవ్వు దానంతటదే మాడిపోతుందన్నాడు. గుడ్డతో తుడుస్తానని ఫెర్మిన్ అనకపోయినా, అన్నట్టే యజమాని కోప్పడ్డాడు. "దీవెన తుడిచేస్తావా? నా ఇంట్లో నిలబడి భూమితల్లి చెయ్యి తుడిచేస్తావా మేస్త్రీ?"

"ఆ అంచు మీద తల్లి పట్టుకోదు డాన్ గ్వాల్బెర్తో. బ్రేకు పట్టుకోవాలి."

"నీకు సైకిలెక్కడమే రాదు. నాకు దారి సంగతి చెప్తున్నావా?"

ఫెర్మిన్ నోర్కా వైపు చూశాడు. ఆమె కూడా తన బండి పిడి నొక్కి చూసుకుంది, మొహం పాలిపోయింది. కానీ వెళ్ళనంటే రేపు ఆమె చోట ఇంకొకరుంటారు. యజమానికి వినబడకుండా అంది: "మలుపు దగ్గర కాళ్ళు నేలకి రాసి ఆపుకుంటాలే బాబాయ్. వెనకవాళ్ళకి ఏం చెప్పను?"

ఫెర్మిన్ వెళ్ళి మొదటి బండి ముందు కూర్చున్నాడు. పట్టకారుతో పిన్ను లాగి, ప్యాడ్లు రెండూ బయటికి తీశాడు. తర్వాతి బండి. ఆ తర్వాతిది. డాన్ గ్వాల్బెర్తో మొదట మళ్ళీ సరిగ్గా బిగించడానికే తీస్తున్నాడేమో అనుకుని, సరే, లొంగాడు అన్నట్టు కుర్చీలో వాలి సీసా ఎత్తాడు. ఫెర్మిన్ అన్నీ టోపీలో పోసుకుని లేచి, కుంపటి దగ్గరికి నడిచి, టోపీని బోర్లించాడు.

కొవ్వు భగ్గుమంది. ప్యాడ్లలోని జిగురు కాలుతుంటే నల్లటి పొగ, పీనుగు జుట్టు అంటుకున్నట్టు కంపు. డాన్ గ్వాల్బెర్తో కుర్చీ తన్నేసుకుంటూ వచ్చి ఇనుపచువ్వ అందుకున్నాడు. దోన్యా అసుంతా అతని మణికట్టు పట్టుకుంది.

"ఆమె నోట్లోది లాక్కుంటావా నాయనా?"

నైవేద్యంలో పడింది ఏదైనా ఇక భూమితల్లిదే. అందులో చెయ్యి పెట్టినవాడి ఇల్లు ఏడాది తిరక్కుండా పాడవుతుందని ఆ కొండల్లో చంటిపిల్లకైనా తెలుసు. డాన్ గ్వాల్బెర్తో చాలా వాటిని నమ్మడు గానీ దీన్ని నమ్ముతాడు. చువ్వ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. తిట్లు మాత్రం ఆగలేదు: తిన్నింటికే కొరివి పెట్టాడన్నాడు, గనికంపు ఎక్కడికి పోతుందన్నాడు, మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. ఒకే కుటుంబం సంగతి ఎత్తలేదు.

ఫెర్మిన్ చేతులు కడుక్కున్నాడు. కొవ్వు పోలేదు, మళ్ళీ కడిగాడు. వాసన చూసుకుని మొహం చిట్లించాడు. కోటు తొడుక్కున్నాడు. ఇన్నేళ్ళూ అసహ్యించుకున్న చోటుని ఒకసారైనా వెనక్కి తిరిగి చూడాలని అనిపించకపోవడం అతనికే వింతగా ఉంది. గుమ్మం దగ్గర నోర్కా అతని భుజం తట్టింది. "తిని పడుకో" అన్నాడు ఆమెతో. అంతే. ఏటవాలు సందులో కూరగాయల బండ్ల మధ్య ఆ మెడలేని తల కాసేపు కనబడింది, తర్వాత కనబడలేదు.

మర్నాడు బృందం వ్యానులోనే లోయకి వెళ్ళింది, తిట్టుకుంటూ. నోర్కా ముందుసీట్లో కూర్చుంది.

బూడిద చూడటానికి దోన్యా అసుంతా పొద్దున్నే వచ్చింది. నల్లగా మిగిలితే తల్లి కాదన్నట్టు, తెల్లగా మిగిలితే తీసుకున్నట్టు. ఆవిడ వంగి ఊది చూసింది. తెల్లగానే ఉంది. పెరట్లో గొయ్యి తీసి పూడ్చెయ్యమని చెప్పి వెళ్ళిపోయింది. ఎవరూ పూడ్చలేదు, బూడిదలో ఇనుము ఏరడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. కుంపట్లో మెత్తటి తెల్లబూడిద మీద ప్యాడ్ల వెనకుండే ఇనుపరేకులు, మసిబారి, వంకర్లు పోయి, ముసలినోట్లోంచి రాలిన పళ్ళలా పడి ఉన్నాయి.