మట్టి మీద ఒకటి, గడ్డి మీద ఒకటి

ముఖీత్ మొహం చూస్తేనే సదయ్యకు ఒళ్ళు మండేది. ముఖీత్‌కూ అంతే. గోదావరిఖనిలో గుర్రాలున్న ఇళ్ళు ఆ రెండే కాబట్టి ఇద్దరూ ఎక్కడో ఒకచోట ఎదురుపడక తప్పేది కాదు.

గుర్రమెక్కడం సదయ్యకు నేర్పింది ముఖీత్ తండ్రి అస్గర్. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఇల్లు వాళ్ళది. మీసాలు రాకముందే సదయ్య అక్కడి నుంచి హైదరాబాద్ పోయి, మలక్‌పేట రేసుకోర్సులో పొద్దుటి పూట గుర్రాలను ఉరికించే పనిలో కుదిరాడు. జాకీ కావాలనుకున్నాడు, కాలేకపోయాడు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయి బొగ్గుబాయి ఉద్యోగం తనకు రావడంతో తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ, పందేలకు పనికిరాదని పక్కన పెట్టిన మోనా అనే ఎర్ర ఆడగుర్రాన్ని వెంట తెచ్చుకున్నాడు. క్వార్టర్ వెనకాల రేకుల షెడ్డు వేసి దాన్ని సాకుతున్నాడు. దాని గడ్డీ దాణా చూసేది అతని భార్య జమున.

ఆ రోజు మొదటి షిఫ్టు దిగి సదయ్య చాయ్ హోటల్లోకి వచ్చేసరికి ముఖీత్ ఫోన్ చుట్టూ నలుగురు మూగి ఉన్నారు. ఫోన్లో నడుస్తున్నది దుబాయ్‌లో మట్టి మీద జరిగిన గుర్రప్పందెం. గుర్రాల వెనక దుమ్ము మేఘంలా లేస్తోంది.

"సూసినవా సదయ్యన్నా? ఇదీ పందెమంటే. గేటు తెరిసిన కాన్నించి పానం వెట్టి ఉరుకుడే" అన్నాడు ముఖీత్.

"మంద బెదిరి ఉరికినట్టున్నది. గిదా పందెం?" సదయ్య కూర్చోకుండానే అన్నాడు. "గడ్డి మీద పందెం ఎన్నడన్న దగ్గరుండి సూసినవా? ఆఖరి మలుపు దాకా ఎవడు గెలుస్తడో ఎవనికీ ఎరుక గాదు. కింద గుర్రం ఉడుకుతుంటది, పైన మనం పగ్గం ఇడువం. ఊపిరి బిగవట్టి కూసుంటం. ఇడిసినమా, అన్ని గుర్రాలు ఒక్కపారే గీత మీదికొస్తయి. సూసెటోని గుండె ఆగుతది."

"గప్పటిదాకా నిద్రవోయి, ఆఖర్న లేసుడు గూడ మజానేనా? మట్టి మీద మొదటి అడుగు కాన్నించే కొట్లాట. ముందటోడు ఏలుతడు, ఎనకటోడు మట్టి తింటడు."

"నీకేం ఎరుక? బ్యాండు మోగితే ఎగిరే బరాత్ గుర్రం నీది."

హోటల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ముఖీత్ ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. "ఆ బరాత్ గుర్రాల మీదనే నువ్వు ఎక్కుడు నేర్చుకున్నవు. మర్సిపోయినట్టున్నవ్. ఆదివారం నీ గుర్రాన్ని తీస్కొనిరా. మట్టి మీద సూస్కుందాం."

ఓపెన్‌కాస్ట్ గని మట్టి గుట్టలకు ఇవతల, ఒకప్పుడు లారీలు ఆగిన ఖాళీ జాగా ఉంది. ఆదివారం పొద్దున అక్కడ తిరునాళ్ళలా జనం చేరారు. కరెంటు స్తంభం చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికే రావాలి.

రుమాలు కిందికి పడగానే ముఖీత్ తెల్ల గుర్రం బాద్షా బాణంలా పోయింది. సదయ్య పగ్గం బిగించి మోనాను వెనకే ఉంచాడు. ఇన్నేళ్ళు నేర్చుకున్నది అదే. ముందువాణ్ణి అలిసిపోనివ్వాలి. కానీ మలక్‌పేటలో ముందు గుర్రం వెనక నుంచి గాలి వస్తుంది, మహా అయితే గడ్డిపరకలు. ఇక్కడ బాద్షా గిట్టల కింద నుంచి మట్టిపెళ్ళలు లేచి రాళ్ళలా కొట్టాయి. మోనా తల ఎగరేసింది. సదయ్య కళ్ళలో, నోట్లో, ముక్కులో మట్టి. స్తంభం దాటాక పగ్గం వదిలి అరిచాడు. పరిగెత్తడం మాని మోనా పక్కకు ఒరిగిపోయింది. కొరడా తీశాడు. ఇంకా ఒరిగింది.

అటు జనం గొంతులు పగిలేలా అరుస్తున్నారు. బాద్షా ఒక్కటే దుమ్ములోంచి బయటకు వచ్చింది, చెవులు వెనక్కి వాల్చి, నురగలు కక్కుతూ. ముసలివాళ్ళు సైతం ఎగిరి గంతులేశారు.

సదయ్య దిగేసరికి ముఖీత్ ఎదురొచ్చి అడిగాడు. "రుచి ఎట్లున్నదన్నా?"

జనమంతా నవ్వారు. సదయ్య ఉమ్మేశాడు, మట్టే వచ్చింది. అస్గర్ ముసలాయన చెంబుతో నీళ్ళు తెచ్చి మోనా కళ్ళు కడగబోతే సదయ్య ఆ చెయ్యి నెట్టేశాడు. నీళ్ళు ఒలికిపోయాయి.

"మా మీది కోపం గుర్రం మీదెందుకు బేటా? కండ్లు కడుగనియ్యి" అన్నాడు అస్గర్.

"మీ ఇంటి నీళ్ళు నాకద్దు చాచా. ముఖీత్, మొగోనివైతే గడ్డి మీదికి రా. కాలనీ ఫుట్‌బాల్ గ్రౌండుకు రా."

"వస్త. యాడికైనా వస్త."

అస్గర్ కొడుకు భుజం పట్టుకున్నాడు. "వద్దురా. మన గుర్రానికి నాడాలు రోడ్డు మీద నడుసుటందుకు కొట్టినయి. అరిగి నున్నగైనయి. తడి గడ్డి మీద నిలవడది."

గెలిచిన వేడిలో ఉన్న ముఖీత్ ఆ మాట విననే లేదు. సదయ్య విన్నాడు. అది నిజమని అతనికి అందరికంటే బాగా తెలుసు. నాడాలు మార్చుకుని రా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

మరుసటి ఆదివారానికి ముసురు పట్టింది. గ్రౌండు పచ్చగా, నీళ్ళు తాగి మెత్తగా ఉంది. జమున కూడా వచ్చింది. గ్రౌండు చుట్టూ ఒక చుట్టు. ఈసారీ బాద్షా ముందు పోయింది, ఈసారీ సదయ్య పగ్గం బిగించాడు. కానీ మోనా తల దించి, చెవులు ముందుకు నిక్కించి, దాచుకున్న బలమంతా ఒంట్లో కూడదీసుకుంటూ పోతోంది. సదయ్యకు అది మోకాళ్ళ కింద తెలుస్తోంది. ఎన్నేళ్ళయింది ఇట్లా! ఆఖరి మలుపులో పగ్గం వదిలాడు. మోనా నేలను వదిలినట్టు లేచింది. బాద్షా సరసకు చేరి దాన్ని దాటబోతోంది. ముఖీత్ ఓర్వలేక మలుపు లోపలికి కోసి మడమలతో పొడిచాడు.

తెల్లగా ఏదో జారింది. దబ్బుమని చప్పుడైంది.

సదయ్యకు వినిపించింది. పగ్గం లాగాలన్న ఆలోచన వచ్చింది కూడా. లాగలేదు. మోనా కాళ్ళ కింద గడ్డి మెత్తగా పలుకుతోంది, గాలి చెవుల్లో హోరెత్తుతోంది. ఆ కాసేపు సదయ్య తన జీవితంలో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాడు. అలాగే గీత దాటాడు.

గీత దగ్గర ఒక్కడూ లేడు. అందరూ మలుపు దగ్గర ఉన్నారు. బాద్షా లేచి మూడు కాళ్ళ మీద నిలబడి వణుకుతోంది. ముఖీత్ బురదలో భుజం పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. మెడ పక్క ఎముక విరిగింది.

మలుపు దగ్గర అస్గర్ మాటలు విన్న జమున నేరుగా మొగుడి దగ్గరికి వచ్చింది. "నాడాల సంగతి నీకెరుకనా?"

"వాని తండ్రే చెప్పిండు గదా, వాడే ఇనలే."

"నీకెరుకనా అని అడుగుతున్న."

సదయ్య తల తిప్పుకుని మోనా మెడ నిమిరాడు. జమున వెనక్కి తిరిగింది. ముఖీత్‌ను ఎక్కించిన ఆటోలో తనూ ఎక్కి దవాఖానకు పోయింది.

రెండు రోజులు ఆగి సదయ్య అస్గర్ ఇంటికి పోయాడు. బాద్షా ముందు కాలికి పసుపు కట్టు ఉంది. ముసలాయన దాని పక్కన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"చాచా, దానికి ఎట్లున్నది?"

"నడుస్తది. పెండ్లిళ్ళకు నడుస్తదో లేదో." అస్గర్ తలెత్తలేదు. "నువ్వు ఇంగ మా వాకిట్లకు రాకు సదయ్యా."

బేటా అనకుండా పేరుపెట్టి పిలవడం అదే మొదలు.

లోపలి నుంచి ముఖీత్ గొంతు వినిపించింది. "భుజం అతకనీ అబ్బాజాన్, వాన్ని మల్ల మట్టి మీదికే గుంజుకపోత!"

"గడ్డి మీదికి రా!" అని సదయ్య నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి బయటకు నడిచాడు.

చాయ్ హోటల్లో ఇప్పటికీ మొదటి పందెం ముచ్చటే. దుమ్ములోంచి బాద్షా ఎట్లా వచ్చిందో చేతులు ఊపుతూ చెప్పుకుంటారు. రెండో దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఒకసారి సదయ్యే ఉండబట్టలేక అన్నాడు. "గడ్డి మీద గెలిసింది నేను."

"గెలిసినవ్. ఎవలు సూసిన్రు?" అన్నాడు హోటలాయన, గ్లాసులు కడుగుతూ.

సదయ్య చాయ్ సగంలో వదిలి ఇంటికి పోయాడు. జమున మోనాకు కుడితి పెడుతోంది. మొగుణ్ణి చూసి పక్కకు జరిగింది. ఆ మలుపు దాటాక ఎట్లుండెనో ఆమెకు చెప్పడానికి అతనికి నోటి నిండా మాటలున్నాయి. షెడ్డు గుంజకు ఆనుకున్నాడు. ఆమె బకెట్ తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.