మేఖల చుట్టిన పూతరేకు

శరత్కాలమున నొక శనివారపు మధ్యాహ్నము. వఱద తీసిన గోదావరి తన యెఱ్ఱదనమును విడిచి మెల్లమెల్లగా దేటపడుచుండెను. రేవుమెట్లపై నెండి బీటలువాఱిన యొండ్రుమట్టిమీదుగా శ్వేతమేఘచ్ఛాయ లొకటొకటిగా బ్రాకిపోవుచుండెను. ఆ సమయమున రాజమహేంద్రవరపు గుటుంబ న్యాయస్థానమునందు, గోడలపై జిలుకలును గుందేళ్లును జిత్రింపబడిన యొక చిన్నగదిలో, పూతరేకులు చేసి జీవించు నాత్రేయపురపు స్త్రీ యగు నన్నవేణి తన యెనిమిదేండ్ల కూతురు మేఖల కెదురుగా జాపపై గూరుచుండి యుండెను.

భర్తతోడి వ్యాజ్యము ముగియువఱకు బిడ్డ తండ్రియింట నుండవలెననియు, తల్లి పదునైదు దినముల కొక శనివారము రెండుగంటలు చూడవచ్చుననియు న్యాయాధికారి యానతి. బిడ్డను దోడ్కొనివచ్చునది నాయనమ్మ వీరాయమ్మ. "మీయమ్మ చేతిది ముట్టావంటే మందు పెట్టి నిన్ను తిప్పేసుకుంటాది" అని యామె మనుమరాలికి నూరిపోసి యుండెను. తొలినా డన్నవేణి చుట్టి తెచ్చిన పూతరేకులను వృద్ధ వాకిటి కుక్కకు విసరివైచెను. అన్నవేణియు గోప మాపుకొనజాలక బిడ్డయెదుటనే యత్తను నానామాటలాడెను. నాటినుండి మూడుమారులు మేఖల తల్లికి వీపుచూపి కూరుచుండెను. ఆ చిన్నవీపును జూచుచు జూచుచు నన్నవేణి యొకటి గ్రహించెను: నాయనమ్మను ద్వేషింపుమనుట యనగా, దన్ను దినమును గుడిపి నిద్రపుచ్చు చేతిని ద్రోసివేయుమని పసిదానిని గోరుటయే.

కావున నేడు చుట్టిన పూతరేకులను గొనిరాలేదు. పొడిరేకులను, బెల్లపుపొడిని, నేతిగిన్నెను వేర్వేఱుగ బిడ్డముందు బెట్టి, తడిగుడ్డతో నొక రేకు నద్ది మెత్తబఱచి, తన చేతులను వెనుకకు దీసికొనెను.

"నాకు ఆకలేస్తుందే. నేను ముట్టుకోను. నువ్వే చుట్టి పెట్టు."

"నేను తినను."

"నిన్ను తినమన్నానా? నాకు పెట్టమన్నాను."

చాలసేపటికి మేఖల సగము తిరిగెను.

"నీకు చుట్టడం రాదా ఏంటి? ఊరందరికీ చుడతావుగా."

"ఊరందరికీ చుట్టేదాన్నేగానీ నాకెవరు చుట్టిపెట్టారే?"

బాల యొకటి చుట్టెను. అది యొకవైపు లావై యొకవైపు చిరిగి యుండెను.

"ఎలకపిల్ల పక్కగుడ్డలా ఉంది" అని తల్లి దానిని నోట వేసికొనెను. మేఖల యామె మొగమును ఱెప్పవేయక పరికించుచు, "ఏమైనా అవుతుందా?" అని యడిగెను.

"అవుద్ది. ఇంకోటి కావాలనిపిస్తుంది."

రెండవదానిని జుట్టుచు జుట్టుచు బాల తలపోయకయే నేతివ్రేలిని నాలుకపై నిడుకొనెను. తోడనే స్తంభించెను. అన్నవేణి హృదయ ముప్పొంగినను, గెలిచినట్లు తాను గనబడినచో నోడినది బిడ్డ యగునని యెఱింగి, చూపును గిటికీవైపు మరల్చుకొనెను.

"నాయనమ్మకి చెప్పకమ్మా" అని మేఖల మెల్లగా ననెను.

"చెప్తాను. నువ్వూ చెప్పు. ఆవిడ నీ మంచికేనని భయపడుతుంది. ఆవిడకి దాచి నువ్వు నా దగ్గరుండక్కర్లేదు."

తనకు దక్కిన తొలి రహస్యము నిట్లు కాలదన్నుకొనుట యా తల్లికి సులభము గాదు. అయినను దొంగచాటున బెరుగు ప్రేమ బిడ్డను మరల రెండుగ జీల్చునని యామె దృఢముగ నెంచెను.

గడువు ముగిసెను. వీరాయమ్మ గుమ్మమున నిలిచెను. మేఖల చేతులు తుడుచుకొనుటకు గౌనంచు పట్టి, యేమి తలచెనో, విడిచి, నేయి మెఱయు చేతితోనే నాయనమ్మ చేయి పట్టుకొనెను.

"నేను తిన్నానే నాయనమ్మా. కొంచెమే."

వృద్ధ కోడలివైపు జూచెను.

"నిజమే అత్తయ్యా" అని యన్నవేణి లేచి నిలువబడెను. "దానికేమైనా అయితే నన్నడగండి. వచ్చేసారీ నేనిక్కడే ఉంటాను."

వీరాయమ్మ చేయి విడిపించుకొని, యంటిన నేతిని బైటచెఱగున దుడుచుకొని, మరల నా జిడ్డుచేతినే పట్టుకొనెను.