పాదం లేచేదాకా

వెర్లిన్ మామ పట్టిన కుందేలుకు మూడే కాళ్లని లారెల్ ఫోర్క్ అనే ఆ కొండ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. బాంజో వాయించడంలో ఆ కొండల్లో ఆయనకు సాటి లేరు. మూతి ముడుచుకోవడంలోనూ లేరు.

డెల్ఫా రాట్లిఫ్ ఆయన మేనకోడలు. తల్లి పోయాక ఆ ఇంట్లోనే పెరిగింది, ఫిడేలు మీద కమాను పెట్టడం ఆయన దగ్గరే నేర్చుకుంది. తరువాత పట్నం పోయి శాస్త్రీయ సంగీతం చదివింది. జాజ్ వాళ్లతో కలిసి క్లబ్బుల్లో వాయించింది. ఇప్పుడు కొండల బాణీలనూ, జాజ్‌నూ, శాస్త్రీయాన్నీ కలిపి సొంతంగా రాస్తోంది. పత్రికలు మెచ్చుకున్నాయి, ఒక బహుమతి కూడా వచ్చింది. వెర్లిన్ మామ మాత్రం ఆమె రాసినవాటిని ఏనాడూ 'బాణీ' అనలేదు. 'కాగితాలు' అంటాడు. "నీ కాగితాలెలా ఉన్నాయే?" అని, పెంచుకుంటున్న కోళ్ల గురించి అడిగినట్టు అడుగుతాడు.

డెల్ఫాకు నలభై దాటాయి. ఈ వయసులో ఒక ముసలాయన నోటినుంచి ఒక్క మాట వినాలని తపించడం సిగ్గుచేటని ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన తపన పోతుందా? పట్నం ఆర్కెస్ట్రా ఆమె చేత వయొలిన్‌కు పెద్ద రచన ఒకటి రాయించుకున్నప్పుడు, ఆమె చివరి భాగంలో బాంజోకు చోటు పెట్టింది. ఎవరి కోసమని అడిగినవాళ్లకు ఏదో చెప్పింది గానీ, అది వెర్లిన్ మామ కోసమే.

ఆయన్ని ఒప్పించడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరికి వెళ్లింది. ఓపల్ అత్త ఉడికించిన బీన్స్, మొక్కజొన్న రొట్టె వడ్డించింది. మామ సగం రొట్టె తినేదాకా ఆగి, డెల్ఫా సంగతి చెప్పింది.

"నాకు కాగితం మీది సంగీతం చదవడం రాదు" అన్నాడు వెర్లిన్.

"చదవక్కర్లేదు మామా. ఒకటే బాణీ, మూడు చుట్లు. నాతోపాటు ఎత్తుకో, నాతోపాటు ఆపేయ్."

"ముందర ఒకాయన నిలబడి కర్ర ఊపుతాడటగా. ఆయన ఆపమంటే?"

"ఆయనా అప్పుడే ఆపమంటాడు."

"ఆయన కర్రతో నాకేం పనే? నువ్వు పాదం ఎత్తు, ఆపేస్తా. ఎత్తకపోతే తెల్లారేదాకా వాయిస్తా. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననొద్దు."

ఆ కొండల్లో నలుగురు చేరి వాయించేటప్పుడు ఎన్ని చుట్లన్నది ఎవరూ ముందుగా అనుకోరు. ఫిడేలు పట్టినవాళ్లకు చాలనిపించినప్పుడు ఒక కాలు ముందుకు చాపి పాదం ఎత్తుతారు. అంటే అదే ఆఖరి చుట్టు. అది పూర్తికాగానే అందరూ ఒక్కసారిగా ఆగాలి. ఎక్కడైనా అది మర్యాద. వెర్లిన్ మామకు మాత్రం అది వేదవాక్కు.

ఓపల్ అత్త తమ్ముడు బర్ల్ గిటార్ వాయించేవాడు. ఒకసారి, పాదం లేచాక కూడా కళ్లు మూసుకుని అర చుట్టు అదనంగా లాగించాడు. ఆ రోజునుంచి వెర్లిన్ ఆ బావమరిదితో మాట్లాడటం మానేశాడు. ఏళ్లు గడిచాయి. చర్చిలో ఇద్దరిదీ ఒకే బల్ల. పండగ భోజనాల్లో ఉప్పు కావాలంటే, పక్కనే ఉన్న బర్ల్‌ను వదిలేసి, "ఓపల్, ఆ మనిషిని ఉప్పు ఇటివ్వమను" అంటాడు.

"ఉప్పు లేకపోతే చప్పగా తిను. నీ పంతానికి నేను తపాలా బంట్రోతునా?" అంటుంది ఓపల్ అత్త. అని, ఉప్పు అందిస్తుంది.

రిహార్సల్ నల్లేరు మీద బండిలా నడిచింది. ఆర్కెస్ట్రా నడిపించే లిండ్‌క్విస్ట్ గారు మంచి మనిషి, మిన్నెసోటా నుంచి వచ్చాడు. పాదం సంగతి వినగానే కళ్లజోడు సర్దుకున్నాడు.

"అంటే, కాలెత్తగానే ఆపేస్తారన్నమాట?"

"మా వైపు కాలెత్తేవి కుక్కలూ, ఫిడేలు వాళ్లూనండీ. మేం రెంటినీ చూసి జాగ్రత్తపడతాం" అంది, మామను కారులో దింపడానికి వచ్చిన ఓపల్ అత్త.

డెల్ఫా జీన్స్ ప్యాంటు వేసుకుని వాయించింది. మూడో చుట్టులో పాదం ఎత్తింది. వెర్లిన్ ఆ పాదాన్ని, కొంగ చేపను చూసినట్టు చూసి, చుట్టు పూర్తి కాగానే ఠక్కున ఆపాడు. లిండ్‌క్విస్ట్ గారు మురిసిపోయాడు. మధ్యలో వచ్చే జాజ్ భాగం ఎలా ఉందని డెల్ఫా మామను అడిగింది.

"ఎవడో మెట్లమీంచి జారిపడుతూ, దారిలో అది నచ్చి, మళ్లీ పైకెక్కి జారుతున్నట్టుంది."

"బాగుందనా, బాలేదనా?"

"కాగితాలు బాగా రాశావులే" అన్నాడు. డెల్ఫా ముఖం మాడిపోయింది.

కచేరీ సాయంత్రం వచ్చింది. సోలో వాయించేవాళ్లు నేలదాకా నల్ల గౌను వేసుకోవడం అక్కడి పద్ధతి. ఓపల్ అత్త దాన్ని స్వయంగా కుట్టింది. నేలదాకా అన్నారు కదా అని, తగ్గితే బాగుండదని, నేలకు మించి నాలుగు వేళ్లు ఎక్కువే పెట్టింది. ఎత్తు మడమల చెప్పులతో తాళం వేయడం తన వల్ల కాదని డెల్ఫా గౌను కింద పాత తోలు బూట్లు వేసుకుంది. కాలు సుఖంగా ఉందా అని చూసుకుందే గానీ, అది కనిపిస్తుందా అన్న ఆలోచనే రాలేదు.

హాలు కిటకిటలాడుతోంది. మొదటి భాగం బాగా సాగింది. జాజ్ భాగానికి ఎవరో చిటికెలు కూడా వేశారు. చివరి భాగంలో వెర్లిన్ మామ, చావులకు మాత్రమే వేసుకునే కోటు తొడుక్కుని వచ్చి డెల్ఫాకు ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. బాంజో పలికింది. మొదటి చుట్టు, రెండో చుట్టు. ఆయన తల ఊగడం డెల్ఫా ఓరకంట చూసింది. మూడో చుట్టులో కాలు చాపి పాదం ఎత్తింది.

చుట్టు ముగిసింది. ఆర్కెస్ట్రా మొత్తం ఢమ్మని ఆఖరి దెబ్బ కొట్టి ఆగింది. జనం చప్పట్లు మొదలుపెట్టారు. బాంజో మాత్రం ఆగలేదు.

డెల్ఫా కిందికి చూసుకుంది. నల్ల గుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన తెల్లారేదాకా వాయిస్తానన్నాడు, వాయిస్తాడు కూడా. ఇంతమంది ముందు మామ ఒక్కడే పిచ్చివాడిలా వాయిస్తూ ఉంటే తను చూస్తూ నిలబడాలా? జీవితంలో మొదటిసారి తన రచన కోసం కొండ దిగి వచ్చినవాణ్ణి నవ్వులపాలు చేస్తుందా? కమాను ఎత్తి నాలుగో చుట్టులోకి దూకింది.

చప్పట్లు గందరగోళపడి ఆగిపోయాయి. లిండ్‌క్విస్ట్ గారు బస్సు తప్పిపోయిన ప్రయాణికుడిలా కర్ర పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల, ఒకప్పుడు క్లబ్బుల్లో వాయించిన బాస్ ఫిడేలాయన ఇలాంటి అవకాశం కోసమే కాచుకున్నట్టు అందుకున్నాడు. అది చూసి లిండ్‌క్విస్ట్ గారికి తెలివొచ్చింది. గాలిలో వేలితో గుండ్రంగా గీసి, పేజీలు వెనక్కి తిప్పమని సైగ చేశాడు. ఐదో చుట్టుకు ఆర్కెస్ట్రా అంతా మళ్లీ దిగింది.

డెల్ఫా మళ్లీ పాదం ఎత్తింది. గౌను కదిలింది. వెర్లిన్ మామ హాలు పైకప్పును పరిశీలిస్తున్నాడు. గౌను పైకి లాగుదామంటే ఒక చేతిలో ఫిడేలు, ఇంకో చేతిలో కమాను. ఇక లాభం లేదని, ఆరో చుట్టులో, బంతిని తన్నినట్టు కాలు ముందుకు ఒక్క విసురు విసిరింది. గౌను ఎగిరింది. లారెల్ ఫోర్క్ బురద ఇంకా ఆరని పాత బూటు, దీపాల వెలుగులో, మోకాలంత ఎత్తున నిలిచింది.

జనం గొల్లుమన్నారు. ఒంటికాలి మీదే డెల్ఫా చుట్టు పూర్తి చేసింది. బాంజో ఠక్కున ఆగింది. ఆ తరువాత లేచిన చప్పట్లకు లిండ్‌క్విస్ట్ గారి కళ్లజోడు జారింది.

తెర వెనక గదిలో మామ బాంజోను పెట్టెలో సర్దుతున్నాడు. సర్దుతూనే ఉన్నాడు.

"తప్పు నాదే మామా. ఈ పాడు గౌను అడ్డమొచ్చింది. నీకు పాదం కనపడలేదు" అంది డెల్ఫా.

"ఆఁ. గౌను" అన్నాడాయన.

తలుపు తీసుకుని ఓపల్ అత్త వచ్చింది, వెనకాలే బర్ల్. "అడ్డమెక్కడొచ్చిందమ్మాయ్?" అన్నాడు బర్ల్. "మొదటిసారే బూటు ముక్కు బయటికొచ్చిందిగా! మూడో వరసలో కూర్చున్న నాకే కనపడింది. ఎదురుగా కూర్చున్న మనిషికి కనపడలేదా?"

వెర్లిన్ మామ తేలు కుట్టిన దొంగలా పెట్టె మీదికి వంగాడు.

"ఏమయ్యా, చూశావా లేదా?" అంది ఓపల్ అత్త.

"చూశాను" అన్నాడు, బాంజో పెట్టెతో చెబుతున్నట్టు.

"చూసీ ఆపలేదా? నన్నేమో వెలేస్తివి!" బర్ల్ గొంతు కీచుమంది.

వెర్లిన్ తలెత్తాడు. ఓపల్ అత్త మధ్యవర్తిత్వం లేకుండా, ఎన్నో ఏళ్ల తరువాత, నేరుగా బావమరిది ముఖంలోకి చూశాడు. "బర్ల్, అప్పుడు నువ్వెందుకు ఆపలేదురా?"

బర్ల్ తడబడ్డాడు. "బాగుంది బావా. ఆపబుద్ధి కాలేదు."

"ఆ మాట అప్పుడే ఏడవొచ్చుగా?"

"నువ్వు చెప్పనిస్తేగా!" అంది ఓపల్ అత్త.

వెర్లిన్ పెట్టె మూసి దాని మీద చెయ్యి వేశాడు. "నాదీ అదే కథ. చెయ్యి అప్పుడే పడుతోంది. అంత మంచి బాణీని మూడు చుట్లకే ఎవడు వదులుతాడు?"

డెల్ఫా ఒక అడుగు ముందుకు వేసింది.

"ఏమన్నావు మామా?"

"ఏమన్నాను?"

"ఇప్పుడో మాటన్నావు."

"మూడు చుట్లు చాలవన్నాను" అన్నాడు మామ, గుమ్మం వైపు నడుస్తూ. "ఆ కాగితాల మీద ఆరు అని దిద్దుకో. బర్ల్, పెట్టె పట్టుకో."

డెల్ఫా గౌను కుచ్చిళ్లతో కళ్లు తుడుచుకుని, పెన్సిల్ కోసం వెతికింది.